కార్పొరేటర్ ఎన్నికను కాలనీ నుంచే పట్టుకోవడం ఎలా? హైదరాబాద్ ఓటరుకు సమగ్ర మార్గదర్శి

2020 డిసెంబరులో బీఎన్ రెడ్డి నగర్ డివిజన్‌లో గెలిచినవారికీ ఓడినవారికీ మధ్య తేడా 32 ఓట్లు. మీ అపార్ట్‌మెంట్‌లో అంతస్తుకు ఎనిమిది ఫ్లాట్లుంటే, రెండు అంతస్తుల ఆలుమగల ఓట్లన్నమాట. ఆ రెండు అంతస్తుల వాళ్లు ఆ రోజు ఊరెళ్లారా, ఇంట్లో టీవీ చూశారా, బూత్‌కు వెళ్తే పేరు లేదని తిప్పి పంపారా అన్నదాన్ని బట్టి కార్పొరేటర్ మారిపోతారు.

అప్పటి లెక్క ఇంకొంచెం చూద్దాం. గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ)లో 150 డివిజన్లు, 74.67 లక్షల ఓటర్లు. అంటే సగటున డివిజన్‌కు 50 వేలు. పోలింగ్ 46.55 శాతం. డివిజన్‌కు ఓటేసింది సుమారు 23 వేల మంది. ముక్కోణపు పోటీ ఉన్నచోట తొమ్మిది పది వేల ఓట్లు తెచ్చుకున్నవాళ్లు గట్టెక్కేస్తారు. ఎమ్మెల్యే ఎన్నికలో మీ కాలనీ సముద్రంలో కాకిరెట్ట. కార్పొరేటర్ ఎన్నికలో మాత్రం అదే కాలనీ ఒక పార్టీ.

మా కాలనీ సంఘంలో పనిచేస్తూ 2016, 2020 ఎన్నికలను దగ్గర నుంచి చూశాను. నాకు అర్థమైంది ఇది: పోలింగ్ రోజు హడావిడికి మనం ఇచ్చే విలువ ఎక్కువ; దానికి ముందూ వెనకా ఉండే చప్పటి రోజులకు ఇచ్చే విలువ తక్కువ. సరిహద్దుల ముసాయిదా వచ్చిన రోజు, ఓటరు జాబితా గోడకు అంటించిన రోజు, రోడ్డు పని బిల్లు రాసే రోజు... అక్కడెవరూ మైకు పట్టుకోరు. పని జరిగేది మాత్రం అక్కడే. ఈ మార్గదర్శి ఎక్కువగా ఆ రోజుల గురించే.

మొదటి అడుగు: మీరు ఏ డివిజన్‌లో ఉన్నారో తేల్చుకోండి

నవ్వులాటగా అనిపిస్తుంది కానీ, మీ వాట్సాప్ గ్రూపులో అడిగి చూడండి. మూడు జవాబులొస్తాయి. తపాలా చిరునామాలో ఒక పేరు, కరెంటు బిల్లులో ఇంకో పేరు, జనం నోట్లో మరో పేరు. ఎన్నికకు ఈ మూడూ పనికిరావు. డివిజన్ అంటే అధికారికంగా వార్డు. దాని సరిహద్దు ప్రభుత్వ నోటిఫికేషన్‌లో 'ఫలానా నాలా వెంబడి ఫలానా ఇంటి నంబరు వరకు' అని రాసి ఉంటుంది. ఆ పేరా వెతికి పట్టుకుని, ప్రింటు తీసి, కాలనీ మ్యాప్ మీద ఎర్ర పెన్నుతో గీయండి. మీ వీధికి ఇటు ఒక డివిజన్, అటు ఇంకోటి అని తేలితే ఆశ్చర్యపోకండి.

2007 ఏప్రిల్ 16న పాత నగరపాలక సంస్థలో 12 మున్సిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు కలిపి జీహెచ్‌ఎంసీ చేశారు. 2025 డిసెంబరులో మరోసారి పెద్ద మార్పు జరిగింది. నిజాంపేట, బోడుప్పల్, పీర్జాదిగూడ, బడంగ్‌పేట లాంటి ఏడు కార్పొరేషన్లు, 20 మున్సిపాలిటీలు కలిపి మొత్తం 27 పురపాలికలు విలీనమయ్యాయి. వార్డులను 300గా విభజిస్తూ ముసాయిదా ఇచ్చారు. అభ్యంతరాలకు మొదట ఇచ్చిన గడువు వారం రోజులు. కాబట్టి పాత కార్పొరేటర్ పేరు గుర్తుంది కదా అని ధీమాగా ఉండకండి. మీ ఇల్లు కదలకపోయినా మీ డివిజన్ కదిలి ఉండొచ్చు.

ముసాయిదా వచ్చినప్పుడల్లా ఎవరైనా ఒకరు దాన్ని పూర్తిగా చదవాలి. అభ్యంతరం రాసేటప్పుడు 'మాకు అన్యాయం జరిగింది' అని రాస్తే దస్త్రంలో పడి ఉంటుంది. 'మా కాలనీలో 1 నుంచి 6 వీధులు ఒక వార్డులో, 7 నుంచి 9 మరో వార్డులో పడ్డాయి. సరిహద్దును కాలనీ వెనక నాలా వరకు జరిపితే కాలనీ మొత్తం ఒకే వార్డులో ఉంటుంది. మ్యాప్ జతచేశాం' అని రాస్తే కనీసం జవాబు చెప్పాల్సి వస్తుంది. సంఘం లెటర్‌హెడ్ మీద ఒకటి, విడిగా ఇళ్లవాళ్ల సంతకాలతో మరొకటి ఇచ్చి, రెండిటికీ అందినట్టు ముద్ర వేయించుకోండి.

రెండో అడుగు: ఓటరు జాబితా. అసలు ఎన్నిక ఇక్కడే

ఒక్క అడుగే చేయగల ఓపిక ఉంటే ఇది చేయండి.

ముందు ఒక విషయం తెలియాలి. కార్పొరేటర్ ఎన్నిక జరిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలు జరిపేది కేంద్ర ఎన్నికల సంఘం. రెండూ వేరు. కానీ స్థానిక ఎన్నికకు ఓటర్లను కొత్తగా నమోదు చేయరు. అసెంబ్లీ జాబితానే తీసుకుని, అందులోని పేర్లను వార్డుల వారీగా పంచుతారు. దీనివల్ల రెండు రకాల చిక్కులొస్తాయి.

ఒకటి, అసెంబ్లీ జాబితాలో పేరు లేనివారికి ఇక్కడా ఉండదు. ఎన్నికల ప్రకటన వచ్చాక పరుగెత్తితే బస్సు వెళ్లిపోయినట్టే. కొత్త ఓటుకు ఫారం 6, ఇల్లు మారినా తప్పులు దిద్దుకోవాలన్నా ఫారం 8, చనిపోయినవారి, వెళ్లిపోయినవారి పేరు తీయించడానికి ఫారం 7. జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1... ఈ నాలుగు తేదీల్లో ఏదో ఒకదానికి 18 నిండినా నమోదుకు అర్హత వస్తుంది. ఇంటర్ అయిపోయిన పిల్లలున్న ఇళ్లకు ఈ ముక్క తప్పకుండా చెప్పండి. అనుమానమొస్తే 1950కి ఫోన్ చేయొచ్చు.

రెండోది అంతగా కనబడని చిక్కు. పేరు జాబితాలో ఉంటుంది, కానీ పక్క వార్డులో పడుతుంది. అసెంబ్లీ జాబితాలోని ఒక భాగాన్ని రెండు మూడు వార్డులకు పంచేటప్పుడు ఇంటి నంబరు చూసి విడదీస్తారు. హైదరాబాద్ ఇంటి నంబర్ల సంగతి మీకు తెలిసిందే. బై నంబర్లు, వాటికి మళ్లీ బై నంబర్లు, ప్లాట్ నంబరునే ఇంటి నంబరుగా రాసినవి, అపార్ట్‌మెంట్ పేరు తప్ప ఏమీ లేనివి.

2020లో మా కాలనీలో ఇదే జరిగింది. ఒక అపార్ట్‌మెంట్‌లో భర్త పేరు ఒక డివిజన్‌లో, భార్య పేరు మరో డివిజన్‌లో. పోలింగ్ రోజు పొద్దున్నే ఆ పెద్దాయన స్కూటర్ మీద ఆమెను రెండు కిలోమీటర్ల అవతల దింపి, తన బూత్‌కు తిరిగొచ్చారు. వాళ్లకు ఓపిక ఉంది. ఆ బ్లాక్‌లో ఇంకా పదకొండు ఇళ్లవాళ్లు 'మా పేరు లేదట' అనుకుని ఇంటికెళ్లిపోయారు. తప్పు ఎవరిదని అడిగితే, మాదే. వార్డుల వారీ ముసాయిదా జాబితా బయట పెట్టినప్పుడు సంఘం తరఫున ఒక్కరమైనా వెళ్లి చూడలేదు. దీపావళి హడావిడిలో ఉన్నాం.

ఆ తర్వాత మేం పెట్టుకున్న పద్ధతి ఇది. ముసాయిదా జాబితా రాగానే మా ప్రాంతం పేజీలన్నీ ప్రింటు తీస్తాం. బ్లాక్‌కు ఒకరు చొప్పున పంచుకుంటాం. వాళ్లు సాయంత్రం ఏడు తర్వాత తలుపు తడతారు. పగలు తడితే ఎవరూ ఉండరు. చేతిలో మూడు రంగుల పెన్నులు. జాబితాలోనూ ఇంట్లోనూ ఉన్నవారికి పచ్చ టిక్కు. జాబితాలో ఉండి ఇక్కడ లేనివారికి ఎర్ర గీత. ఇంట్లో ఉండి జాబితాలో లేనివారిని నీలం ఇంకుతో వెనక పేజీలో రాస్తారు. మూడు రోజుల పని. చివరికి చేతిలో మిగిలేది మీ కాలనీ రాజకీయ బలం, అంకెల్లో. ఏ అభ్యర్థి వచ్చినా 'మా కాలనీలో 612 ఓట్లు, అందులో 540 మంది ఇక్కడే ఉంటున్నారు' అని చెప్పి చూడండి. కుర్చీలో కూర్చునే తీరే మారిపోతుంది.

ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. నగరంలో ఉంటూ ఓటు ఊళ్లో ఉంచుకునేవాళ్లు మనలో చాలామంది. సర్పంచి ఎన్నికకు బస్సెక్కి వెళ్తాం, ఇంటి ముందు మురుగు మాత్రం ఇక్కడ తీయాలంటాం. ఎక్కడ ఉంచుకుంటారో మీ ఇష్టం, కానీ ఒక్కచోటే. రెండు చోట్లా ఉంచుకోవడం చట్టరీత్యా నేరం.

మూడో అడుగు: రిజర్వేషన్ చూసి అభ్యర్థిని లెక్కగట్టండి

2016లోనూ 2020లోనూ 150 డివిజన్ల రిజర్వేషన్లు ఒకేలా ఉన్నాయి. ఎస్టీలకు 2, ఎస్సీలకు 10, బీసీలకు 50. మిగతా వాటిలో 44 జనరల్ మహిళలకు, 44 ఎవరైనా నిలబడగలిగేవి. అన్ని కోటాలూ కలిపితే సగం సీట్లు మహిళలవి. వార్డుల సంఖ్య మారిందంటే ఈ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. అందుకే రిజర్వేషన్ల జాబితా రాకముందు మీ గల్లీలో ఫ్లెక్సీలు కట్టించిన వాళ్లందరినీ సీరియస్‌గా తీసుకోనక్కర్లేదు. జాబితా వచ్చిన మర్నాడు సగం ఫ్లెక్సీల మీద బొమ్మ మారుతుంది. నిన్నటిదాకా అన్న, ఇవాళ వదిన.

ఆ వదిన నిజంగా కార్పొరేటర్‌గా పనిచేస్తుందా, సంతకం మాత్రమే పెడుతుందా అనేది అభ్యర్థిగా వచ్చినప్పుడే తెలుసుకోవచ్చు. ప్రశ్న నేరుగా ఆమెనే అడగండి, పక్కనున్నాయన జవాబు చెబితే 'మేడమ్ చెబితే వింటాం' అనండి. ఇలా అడగబట్టే మాట్లాడటం మొదలుపెట్టి, తర్వాత అధికారులను గడగడలాడించిన మహిళలను చూశాను.

నాలుగో అడుగు: కార్పొరేటర్ చేతిలో ఏముందో తెలుసుకుని అడగండి

కాలనీ మీటింగుల్లో సగం సమయం తప్పు ప్రశ్నలకే పోతుంది. తాగునీరు, భూగర్భ డ్రైనేజీ జలమండలివి. కరెంటు డిస్కమ్‌ది. ట్రాఫిక్ పోలీసులది. చెరువుల కబ్జాలు, విపత్తుల పని 2024 జులైలో ఏర్పడిన హైడ్రా చూస్తోంది. జీహెచ్‌ఎంసీకి మిగిలేవి: చెత్త, వీధి దీపాలు, లోపలి రోడ్లు, వాననీటి నాలాలు, పార్కులు, దోమలు, కుక్కలు, ఇంటి పన్ను, ఇళ్ల నిర్మాణ అనుమతులు, వ్యాపార లైసెన్సులు, జనన మరణ ధ్రువపత్రాలు. మిగిలేవి అన్నాను గానీ, రోజూ కళ్లకు కనబడేవన్నీ ఇవే.

పైగా కార్పొరేటర్‌కు సొంతంగా ఆర్డరు వేసే అధికారం లేదు. కార్యనిర్వాహక అధికారం ఐఏఎస్ అధికారి అయిన కమిషనర్‌ది. కార్పొరేటర్ ప్రతిపాదిస్తారు, వెంటపడతారు, సభలో ప్రశ్నిస్తారు. ఇవి చిన్న పనులు కావు. డివిజన్‌లో ఏ వీధికి ముందు సీసీ రోడ్డు, ఏ పార్కుకు ముందు ప్రహరీ అన్న వరస చాలావరకు వాళ్ల మాట మీదే నడుస్తుంది. పెద్ద పనులు స్టాండింగ్ కమిటీకి వెళ్తాయి. 150 మంది ఉన్న సభలో ఆ కమిటీలో ఉండేది 15 మంది, వాళ్లను కార్పొరేటర్లే ఏటా ఎన్నుకుంటారు. మీ కార్పొరేటర్ ఆ 15 మందిలో ఉన్నారంటే వాళ్ల ఫోన్‌కు అధికారులు తొందరగా జవాబిస్తారు.

2020 ప్రచారం గుర్తుందా? ఢిల్లీ నుంచి పెద్ద నాయకులు వచ్చి రోడ్ షోలు చేశారు. మతం గురించి, ఊరి పేరు మార్చడం గురించి మాట్లాడినంత నాలాల గురించి మాట్లాడలేదు. అక్టోబరు వరదలు వచ్చి అప్పటికి నెలన్నర కూడా కాలేదు. ఇంకోవైపు టీఆర్‌ఎస్ నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీళ్ల హామీ ఇచ్చింది. 2021 జనవరిలో అమలు కూడా చేశారు. అయితే అది జలమండలి పని, రాష్ట్ర ప్రభుత్వ నిర్ణయం. కార్పొరేటర్లు గెలిచినా ఓడినా ఇవ్వగలిగింది ప్రభుత్వమే. కాబట్టి ఏ హామీ విన్నా ఒకటే అడగండి: ఇది ఏ ఆఫీసు పని, ఏ పద్దులో డబ్బు?

ఐదో అడుగు: అభ్యర్థిని చదవడం, లేదా మీరే నిలబడటం

నామినేషన్‌తోపాటు ఆస్తులు, అప్పులు, చదువు, కేసుల గురించి అఫిడవిట్ ఇస్తారు. దాన్ని ఎవరైనా చూడొచ్చు. కేసుల దగ్గర ఆగి చదవండి. ధర్నా కేసు వేరు, భూమి కబ్జా కేసు వేరు. చిరునామా కూడా చూడండి. డివిజన్‌లో ఉండని అభ్యర్థి గెలిస్తే తప్పేం లేదు గానీ, వాన పడిన అర్ధరాత్రి ఎక్కడ దొరుకుతారో ముందే అడిగి పెట్టుకోవచ్చు.

మీలో ఎవరైనా నిలబడాలనుకుంటే: 21 ఏళ్లు నిండాలి, జీహెచ్‌ఎంసీ ఓటరు జాబితాలో పేరుండాలి, ప్రతిపాదించేవారు అదే వార్డు ఓటరై ఉండాలి. 2020లో డిపాజిట్ జనరల్ అభ్యర్థులకు 5,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 2,500. ఖర్చు పరిమితి 5 లక్షలు. 45 రోజుల్లో లెక్క చూపించాలి. ఆ 5 లక్షలతో పెద్ద పార్టీ అభ్యర్థి ఎన్ని రోజులు బిర్యానీ పెట్టగలడో మీరే ఊహించుకోండి. లెక్క చూపించడం మాత్రం ఎవరూ మరచిపోకూడదు. చూపకపోతే తర్వాత పోటీకే అనర్హులవుతారు.

సమయం సంగతి ఇంకా ముఖ్యం. 2020లో నవంబరు 17న ప్రకటన వచ్చింది. నామినేషన్లు 18 నుంచి 20 వరకు, 21న పరిశీలన, 22న ఉపసంహరణ, డిసెంబరు 1న పోలింగ్. మొత్తం పద్నాలుగు రోజులు. పార్టీ తన అధికారిక అభ్యర్థి అని రాసిచ్చే బీ-ఫారం ఎవరికిస్తుందో ఆఖరి గంట దాకా తేలదు. రానివాళ్లు రెబల్‌గా దిగుతారు, లేదా సాయంత్రానికి కండువా మారుస్తారు. ఇండిపెండెంట్‌గా దిగేవాళ్లు ఆ పద్నాలుగు రోజుల్లో పేరు తెలియజేసుకోవడం కల్ల. కాలనీ సమాఖ్య తరఫున నిలబడాలంటే కనీసం ఏడాది ముందు నుంచి పక్క బస్తీల్లోనూ తిరిగి ఉండాలి. గేటెడ్ కమ్యూనిటీ ఓట్లతోనే గెలుద్దామనుకున్నవాళ్లు బస్తీ బూత్‌లు తెరిచేసరికి ఇంటికొచ్చేశారు.

అభ్యర్థులందర్నీ ఒకే వేదిక మీదికి పిలవండి. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు సభకు అనుమతి అవసరం; ముందుగా పోలీస్ స్టేషన్‌లో అడగండి. అందరూ రారు. వచ్చినవాళ్లందరికీ ఒకే ఐదు ప్రశ్నలు, ఒకే సమయం. జవాబులు ఫోన్‌లో రికార్డు చేస్తామని ముందే చెప్పండి. నా అనుభవంలో ఎక్కువ ఉపయోగపడిన ప్రశ్న: 'మన డివిజన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) ఎవరు, మీరు ఆయన్ని చివరిసారి ఏ పని మీద కలిశారు?' తడబడినవాళ్లు రేపు గెలిచినా తడబడతారు.

ఆరో అడుగు: పోలింగ్ రోజు

జనం ఎందుకు రారంటే సోమరితనం అని తేల్చేస్తాం. కారణాలు ఇంకా ఉంటాయి. 2020లో పోలింగ్ మంగళవారం. ముందు రోజు కార్తీక పౌర్ణమి సెలవు, దానికి ముందు శని ఆదివారాలు. నాలుగు రోజులు కలిసొస్తే నగరం సగం ఖాళీ. పైగా కరోనా భయం. ఆ రోజు కంచన్‌బాగ్‌లో 70.39 శాతం పోలైతే, యూసుఫ్‌గూడలో 32.99 శాతం. ఒకే నగరం, ఒకే రోజు. 2009లో మొత్తం 42.04, 2016లో 45.29 శాతం. పెరుగుతున్న మాట నిజమే, నత్తనడకన.

కాలనీ చేయగలిగింది సామాన్యమైనదే. ముందు రోజు రాత్రి ఇంటింటికీ బూత్ నంబరు, జాబితాలో వరస సంఖ్య రాసిన చీటీ చేర్చడం. పెద్దవాళ్లకు ఆటో మాట్లాడటం, అదీ సంఘం డబ్బుతో. అభ్యర్థి ఆటో ఎక్కించకండి. పొద్దున పది లోపు వేయించడం. ఓటరు కార్డు లేకపోయినా జాబితాలో పేరుండి, అనుమతించిన గుర్తింపు పత్రం ఏదైనా ఉంటే ఓటేయొచ్చు. కార్డు ఉండి పేరు లేకపోతే వేయలేరు. మీ ఓటు అప్పటికే ఎవరో వేసేసి ఉంటే గొడవపడి వెనక్కి రాకండి. ప్రిసైడింగ్ అధికారిని టెండర్ ఓటు అడగండి; ఇలాంటివారికి విడిగా ఇచ్చే బ్యాలెట్ అది.

బ్యాలెట్ గురించి ఒక మాట. 2016లో యంత్రాలు వాడారు, 2020లో కాగితం. కాగితం మీద స్వస్తిక్ ముద్ర సరిగ్గా పడాలి. నేరేడ్‌మెట్‌లో ఏమైందో చూడండి. ఒక బూత్‌లో వేరే ముద్ర ఉన్న బ్యాలెట్లు బయటపడ్డాయి. అలాంటివి 544. ముందున్న అభ్యర్థి ఆధిక్యం 504. వాటిని లెక్కిస్తే ఫలితం తారుమారు కావచ్చు కాబట్టి హైకోర్టు వివాదం తేలేదాకా ఆపేశారు. డిసెంబరు 4న రావాల్సిన ఫలితం 9న వచ్చింది. టీఆర్‌ఎస్ అభ్యర్థి 782 ఓట్లతో గెలిచారు. పాత మలక్‌పేటలో బ్యాలెట్ మీద సీపీఐ గుర్తు బదులు సీపీఎం గుర్తు అచ్చవడంతో పోలింగే ఆపి, 3న మళ్లీ పెట్టారు. ఇవి చెప్పడం భయపెట్టడానికి కాదు. లోపలికి వెళ్లగానే చేతిలో పెట్టిన ముద్ర ఏదో, కాగితం మీది గుర్తులు సరిగ్గా ఉన్నాయో లేదో ఒక్క క్షణం చూడండి. తేడా ఉంటే అక్కడికక్కడే చెప్పండి. బయటికొచ్చి చెబితే చాయ్ దగ్గర కబురవుతుంది.

ఏడో అడుగు: మేయర్ లెక్క వేరు

2002లో నగర ప్రజలు మేయర్‌ను నేరుగా ఎన్నుకున్నారు. టీడీపీకి చెందిన తీగల కృష్ణారెడ్డి గెలిచారు. జీహెచ్‌ఎంసీలో ఆ పద్ధతి లేదు. కార్పొరేటర్లు, వారితోపాటు ఎక్స్అఫీషియో (హోదా రీత్యా) సభ్యులుగా ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, ఎంపీలు చేతులెత్తి ఎన్నుకుంటారు. మీ అసెంబ్లీ ఓటు కూడా ఆ రోజు మేయర్ ఓటుగా మారుతుందన్నమాట.

2016లో 99 సీట్లున్న టీఆర్‌ఎస్‌కు ఏ లెక్కా అవసరం లేకపోయింది. 2020లో టీఆర్‌ఎస్ 56, బీజేపీ 48, మజ్లిస్ 44, కాంగ్రెస్ 2. ఎవరికీ సగం లేదు. 2021 ఫిబ్రవరి 11న మజ్లిస్ మద్దతుతో టీఆర్‌ఎస్ అభ్యర్థి గద్వాల విజయలక్ష్మి మేయరయ్యారు. 2009లో కాంగ్రెస్, మజ్లిస్ మేయర్ పదవిని కాలం చొప్పున పంచుకున్నాయి: ముందు బండ కార్తీక రెడ్డి, 2012 నుంచి మాజిద్ హుస్సేన్.

అసలు మలుపు తర్వాత వచ్చింది. 2024 మార్చిలో మేయర్ విజయలక్ష్మి కాంగ్రెస్‌లో చేరారు. డిప్యూటీ మేయర్ అంతకు ముందే వెళ్లారు. 150లో రెండు సీట్లు గెలిచిన పార్టీకి మేయర్ పీఠం దక్కింది, ఒక్క ఓటరు కూడా మళ్లీ బూత్‌కు వెళ్లకుండా. ఎమ్మెల్యేలకు వర్తించే రాజ్యాంగం పదో షెడ్యూలు, అంటే పార్టీ ఫిరాయింపుల నిరోధం, కార్పొరేటర్లకు వర్తించదు. విశాఖలోనూ ఇదే చిత్రం. 2021లో 98 వార్డుల్లో 58 గెలిచిన వైఎస్సార్‌సీపీ మేయర్, 2025 ఏప్రిల్ 19న 74 ఓట్లతో నెగ్గిన అవిశ్వాస తీర్మానంతో దిగిపోయారు. పార్టీ గుర్తు చూసి ఓటేస్తే అది ఐదేళ్లూ ఉంటుందనుకోకండి. మనిషిని చూసుకోవడం మేలు, మనిషి కనీసం మీ వీధిలో తిరగాలి కదా.

కార్పొరేటర్లు స్థానిక సంస్థల ఎమ్మెల్సీని కూడా ఎన్నుకుంటారు. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్ స్థానంలో మజ్లిస్ అభ్యర్థికి 63, బీజేపీకి 25 ఓట్లు వచ్చాయి. మీరు మురుగు కాలువ కోసం వేసిన ఓటు ఎంత దూరం వెళ్తుందో చూడండి.

ఎనిమిదో అడుగు: గెలిచాక వెంటపడటం

సన్మానం చేయకండి. చేసినా శాలువాతో పాటు ఒక కాగితం ఇవ్వండి: మూడు పనులు, ముఖ్యమైన వరసలో, వీధి కొలతలతో. ఇరవై పనుల జాబితా ఇస్తే ఒక్కటీ కాదు.

తర్వాత కింది నుంచి మొదలుపెట్టండి. చెత్త, దోమలు, దీపాల్లాంటి రోజువారీ సమస్యలకు 040-21111111 కాల్ సెంటర్ లేదా మై జీహెచ్‌ఎంసీ యాప్. ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోండి, ఎందుకంటే అటెండ్ కాకుండానే 'పరిష్కరించాం' అని సందేశం వస్తే మళ్లీ తెరిపించడానికి అదే ఆధారం. కదలకపోతే సర్కిల్ ఆఫీసులో డిప్యూటీ కమిషనర్, ఆ పైన సోమవారం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి. కార్పొరేటర్‌కు ప్రతిసారీ ఒక కాపీ. మీ నెంబర్లు, తేదీలు ఉంటేనే వాళ్లు సభలో లేచి అడగగలరు.

సభ మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. 2025 జనవరి 30న 2025-26 బడ్జెట్ 8,440 కోట్లు సభ ముందుకొచ్చింది. కాగితాలు చింపి విసిరేసుకున్న గందరగోళంలో చర్చ లేకుండానే ఆమోదమైపోయింది. ఆ అంకెను ఓటర్లకు పంచి చూస్తే తలకు పదకొండు వేల పైచిలుకు. దాని మీద ఒక్క ప్రశ్నా పడలేదు. సభలో అడగనిది మీరు సమాచార హక్కు కింద అడగొచ్చు. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. 'మా వార్డులో గత రెండేళ్లలో మంజూరైన పనుల జాబితా, అంచనా విలువ, కాంట్రాక్టు సంస్థ, చెల్లించిన మొత్తం, మెజర్‌మెంట్ బుక్ నకలు' అని అడగండి. 'ఎందుకు చేయలేదు' అని అడగొద్దు. ఎందుకు అన్న ప్రశ్నకు ఆ చట్టం కింద జవాబు రాదు.

పాలకవర్గం లేని కాలంలోనూ ఈ దారి మూతపడదు. రాజ్యాంగం 243-యు అధికరణం ఐదేళ్ల గడువు తీరకముందే ఎన్నిక జరగాలంటుంది. జరిగేది వేరు. 2014 డిసెంబరు నుంచి 2016 ఫిబ్రవరి దాకా ప్రత్యేకాధికారి పాలనే నడిచింది. 2021లో కొలువుదీరిన పాలకవర్గం ఐదేళ్లూ 2026 ఫిబ్రవరి 10తో నిండాయి. కార్పొరేటర్ లేనప్పుడు ఏఈ, డిప్యూటీ కమిషనర్, సమాచార హక్కు ఈ మూడే మీ చేతిలో ఉంటాయి. మాజీ కార్పొరేటర్లు ఫోనెత్తుతారు, మళ్లీ నిలబడాలి కదా.

మెజర్‌మెంట్ బుక్ ఎందుకన్నానంటే, వేసిన రోడ్డు పొడవు, వెడల్పు, మందం ఏఈ స్వయంగా రాసి సంతకం పెట్టేది అందులోనే. బిల్లు చెల్లేది దాన్ని బట్టే. మా వీధికి సీసీ రోడ్డు వేసినప్పుడు ఆ నకలు తెప్పించాం. రిటైరైన ఒక డ్రిల్లు మాస్టారు, ఇంటర్ చదివే ఇద్దరు పిల్లలు, ముప్పై మీటర్ల టేపు. ఆదివారం పొద్దున వీధి ఈ చివర మొదలుపెట్టి ఆ చివరి దాకా కొలిచారు. పుస్తకంలో 142 మీటర్లు. టేపులో 131. మాస్టారు రెండోసారి కొలిచారు, మూడోసారి కూడా. తర్వాత ఆ రెండు అంకెలూ పక్కపక్కన రాసి, టేపు పట్టుకున్న పిల్లల ఫొటో జతచేసి, సంఘం తీర్మానం కాపీతో ఇచ్చి వచ్చాం. నాలుగో వారంలో మిగిలిన పదకొండు మీటర్లకు కంకర దిగింది.